పట్టణమును పెంచుట యెట్లు? — ఒక వ్యూహక్రీడను గుఱించిన ప్రశ్నోత్తరములు

గడచిన సంవత్సరములో మా విద్యార్థులు పాఠములను గుఱించిన సందేహములతోపాటు మఱియొక విధమైన సందేహములను గూడ మాయొద్దకు తెచ్చుచుండిరి. "అయ్యా, మా పట్టణము ఆఱుగురు పౌరులయొద్ద నిలిచిపోయినది, ఏల?" అని యొకరు, "ధాన్యము మిగులుచున్నది గాని గోడ కట్టుటకు ముప్పది వంతులు పట్టునని చూపుచున్నది, ఏమి చేయవలెను?" అని మఱియొకరు. ఇవి భూగోళశాస్త్రములోని ప్రశ్నలు గావు. సివిలైజేషన్ అను కంప్యూటరు ఆటలోనివి. ఇదేకాలమున తల్లిదండ్రులు కొందఱు, ఈ యాటవలన బిడ్డలకు ఏమైన ప్రయోజనము గలదా, లేక కాలహరణము మాత్రమేనా యని మమ్ము అడిగిరి. ఉభయులకును ఒక్కచోట సమాధానము చెప్పుట మంచిదని తోచినందున ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆటను ఎఱుగనివారికొఱకు ముందుగా దాని స్వరూపమును చెప్పెదము. చదరంగమునందును, మన యూరి రచ్చబండలమీద ఆడు పులిజూదమునందును ఒకరి వంతు ముగిసిన పిదప మఱియొకరి వంతు వచ్చును గదా. ఈ యాటయు అట్టిదే. చేతివేగముతో దీనికి పనిలేదు; ఎంతసేపైన ఆలోచించి యెత్తు వేయవచ్చును. తెఱమీద భూమి యంతయు ఆఱు మూలలుగల గడులుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క గడి మైదానమో, కొండయో, అడవియో, ఏఱో అయియుండును. ఆటగాడు ప్రాచీనకాలమున ఒక చిన్న జట్టుతో బయలుదేరి, పట్టణములను స్థాపించి, వానిని పోషించి, వేలకొలది సంవత్సరముల చరిత్రను నడిపించును. సిడ్ మైయర్ అను అమెరికాదేశపు క్రీడాకర్త దీని మొదటి రూపమును 1991లో వెలువరించెను. మన విద్యార్థులు ఎక్కువగా ఆడునది 2016లో వెలువడిన ఆఱవది. 2018, 2019 సంవత్సరములలో దానికి రెండు అనుబంధములు చేర్చబడినవి. 2025లో ఏడవది వచ్చినది గాని, దాని నియమములు కొన్ని వేఱు. కనుక ఈ వ్యాసములోని యంకెలన్నియు ఆఱవదానికి చెందినవని గ్రహింపవలెను. వెల పెట్టలేని పిల్లలకు 'ఫ్రీసివ్' అను ఉచితమైన ఆట గలదు. దానిని 1996లో డెన్మార్కుదేశపు విద్యార్థులు తయారు చేసిరి. నియమములు వేఱైనను, పట్టణమును పోషించు విధానము రెంటను ఒకటే.

ఇక ప్రశ్నలను ఒకటొకటిగా తీసికొందము.

మొదటి ప్రశ్న: పట్టణమును ఎచ్చట స్థాపింపవలెను?

నీటియొద్ద. ఇదే మొదటి సూత్రము. ఈ యాటలో 'వసతి' యను నొక కొలత గలదు. ఒక పట్టణము ఇఱుకు లేకుండ ఎందఱు పౌరులకు తావీయగలదో ఆ సంఖ్యయే వసతి. ఏటియొడ్డునగాని మంచినీటి సరస్సుచెంతగాని స్థాపించిన పట్టణమునకు మొదటనే అయిదు వసతులు లభించును. సముద్రతీరమున మూడు, నీరు బొత్తిగా లేనిచోట రెండు. రాజధానికి రాజగృహము వలన మఱియొకటి చేరును. అయిదునకును రెంటికిని గల భేదము చూచుటకు స్వల్పము. కాని నూఱు వంతులు గడచునప్పటికి ఒకటి నగరమగును, మఱియొకటి కుగ్రామముగనే యుండును.

కొండమీద స్థాపించిన పట్టణమునకు రెండు లాభములు గలవు. శత్రువు సులభముగా పట్టుకొనలేడు. పట్టణపు నడిగడియందు పని కొంత యెక్కువగా జరుగును. కాని చుట్టును ధాన్యము పండు గడులు లేనిచో ఆ లాభములు చాలవు.

ఈ విషయమునకు మన జిల్లాలోనే చక్కని దృష్టాంతము గలదు. జమ్మలమడుగునకు సమీపమున, ఎఱ్ఱమల కొండలను పెన్నానది కోసికొని పాఱు లోయ యంచున గండికోట యున్నది. ఒక వైపున నిలువుగా దిగిన రాతిబండలు, తక్కిన వైపుల బలమైన ప్రాకారము. పెమ్మసాని నాయకులు దానిని చిరకాలము ఏలిరి. గోలకొండ సేనాని మీర్ జుమ్లా 1650లో దానిని పట్టుకొనెను. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు అచ్చటనే అతనిని దర్శించి, ఆ ప్రయాణవృత్తాంతమును వ్రాసియుంచెను. కోటలోపల మాధవరాయస్వామి దేవాలయము, జుమ్మా మసీదు, విశాలమైన రాతి ధాన్యాగారము నేటికిని నిలిచియున్నవి. ఏఱు కన్నులయెదుటనే పాఱుచున్నను అది లోయ యడుగున నుండుటచే, కోటలోనివారికి చెఱువులు, కోనేళ్లు అవసరమైనవి.

నేడు ఆ గండికోట యాత్రికులు చూడవచ్చు స్థలము. జనమును, వర్తకమును మైదానమునకు దిగివచ్చినవి. అదే పెన్నయొడ్డున సమతలమున నున్న ప్రొద్దుటూరు 1915లోనే పురపాలకసంఘమును పొంది, ప్రత్తికిని బంగారమునకును పేరుపడిన వర్తకస్థానమైనది. రాజ్యములు మాఱుటయు, యుద్ధములు సాగుటయు ఇందులకు కారణములే. అయినను స్థలముయొక్క పాత్ర తక్కువది కాదు. కోటకు తగిన స్థలము వేఱు, సంతకు తగిన స్థలము వేఱు. ఆటలో మొదటి పట్టణమునకు సంత పెరుగు స్థలమునే కోరుకొనుడు. సరిహద్దున కావలికాయుటకు మాత్రము కొండను ఎన్నుకొనుడు.

రెండవ ప్రశ్న: ఆహారము ముందా, పని ముందా?

పట్టణములోని ప్రతి పౌరుడును ఒక గడియందు పని చేయును. ఆ గడినుండి ఆహారమో, పనిబలమో, బంగారమో లభించును. ప్రతి పౌరుడును వంతునకు రెండు పాళ్ల ఆహారము తినును. తినగా మిగిలినది గాదెలో చేరును; గాదె నిండినప్పుడు క్రొత్త పౌరుడు పుట్టును. జనము పెరిగినకొలది తరువాతి గాదె పెద్దదగుచుండును. పనిబలమనగా ఇండ్లు, గోడలు, బడులు, సేనలు తయారగుటకు వలయు శ్రమ.

ప్రారంభకులు ఈ రెంటిలో ఏదో యొకదానిని పట్టుకొని రెండవదానిని మఱతురు. ఆహారము మాత్రము చూచినవాని పట్టణములో జనము మెండుగా నుండును గాని ఏ కట్టడమును ముగియదు. పని మాత్రము చూచినవాని పట్టణము ముగ్గురు పౌరులతో ముసలిదగును. కావున మొదటి దశలో నలుగురైదుగురు పౌరులగువఱకు ఆహారము మిక్కుటముగా నిచ్చు గడులను, పిమ్మట గనులు, అడవులు గల గడులను చూచుకొనవలెను. పౌరులను ఏ గడికి పంపవలెనో కంప్యూటరు తనంతట తానే నిర్ణయించును. కాని పట్టణపటమును తెఱచి ఆటగాడు దానిని మార్చవచ్చును. ఈ సంగతి తెలియక పలువురు ఆటంతయు ఆడి ముగింతురు.

ఆహారమునకును పనికిని గల బంధమును బోధపఱచుటకు పోరుమామిళ్ల చెఱువు తగిన పాఠము. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. ప్రతిదినమును వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు చెప్పబడినది. విద్యార్థులు ఇచ్చట నిలిచి ఒక ప్రశ్న వేసికొనవలెను: ఆ వేయిమంది రెండేండ్లు తిన్న అన్నమును ఎవరు పండించిరి? వారు మట్టి మోయుచున్న కాలమున మఱియొకచోట రైతులు తమకు వలసినదానికంటె ఎక్కువ పండించుచుండిరి. మిగులు ధాన్యము లేని దేశమున చెఱువు లేవదు. చెఱువు లేని దేశమున మిగులు ధాన్యము నిలువదు. ఆటలోని ఆకుపచ్చని అంకెయు నారింజవన్నె అంకెయు చెప్పునది ఈ సత్యమునే.

మూడవ ప్రశ్న: అన్నము మిగులుచుండగా పట్టణము పెరుగుట ఏల ఆగినది?

మమ్ము మిక్కిలి తఱచుగా అడిగిన ప్రశ్న యిదియే. వసతి చాలకపోవుటయే దీనికి ప్రధానకారణము. పౌరుల సంఖ్య వసతికి ఒకటి తక్కువవఱకు వచ్చినతోడనే పెరుగుదల సగమగును. వసతితో సమానమైనప్పుడు నాలుగవవంతునకు దిగును. వసతిని అయిదు మీఱినచో సంపూర్ణముగా నిలిచిపోవును. గాదెలో ఎంత ధాన్యమున్నను లాభము లేదు. అట్టి సమయమున విద్యార్థులు మఱికొన్ని పొలములను దున్నింతురు. అది జ్వరమునకు అన్నము పెట్టినట్లుండును.

వసతిని పెంచు మార్గము లివి. ధాన్యాగారము కట్టిన రెండు వసతులును, ఒక పాలు ఆహారమును లభించును. రెండు పొలములకు ఒక వసతి చొప్పున చేరును. నీరులేని పట్టణమునకు కొండనుండిగాని ఏటినుండిగాని కాలువ తెచ్చిన, దాని నీటివసతి ఆఱువఱకు పెరుగును. నీరున్న పట్టణమునకు అదే కాలువవలన రెండు మాత్రము చేరును. అనగా కాలువ యెవరికి మిక్కిలి మేలు చేయునో నీరులేనివారే యెఱుగుదురు.

మన పులివెందులవారికి ఈ మాటకు వ్యాఖ్యానము అక్కఱలేదు. పెన్నవంటి పెద్దయేఱు మన యూరి ప్రక్కను పాఱదు. చిత్రావతిమీద పార్నపల్లెయొద్ద కట్టిన జలాశయమునుండి మనకు నీరు రావలసియున్నది. ఆట భాషలో చెప్పవలెనన్న, మనది రెండు వసతుల స్థలము, కాలువచేత పెరిగినది. భారతదేశమును ఎన్నుకొని ఆడువారికి ఈ యాటలో మెట్లబావి యను ప్రత్యేకమైన కట్టడము లభించును. అది ఆహారమును, వసతిని గూడ పెంచును. పొలముప్రక్కను త్రవ్వించిన ఆహారము మఱికొంత చేరును. మన పూర్వులు దిగుడుబావులను పొలములనడుమ ఏల త్రవ్విరో దీనివలన చిన్నపిల్లలకును తెలియగలదు.

నాలుగవ ప్రశ్న: ప్రజలు అసంతృప్తిగా నున్నారని చూపుచున్నది, వారికేమి కావలెను?

కడుపు నిండుటయు, ఇల్లు కుదురుటయు మాత్రమే మనుష్యునకు చాలవు. ఈ యాటలో ప్రతి ఇద్దఱు పౌరులకును ఒక్కటి చొప్పున సుఖసాధనములు ఉండవలెను. అవి చాలనిచో పెరుగుదలయు, పట్టణపు ఆదాయములును తఱుగును. కొఱత మితిమీఱినచో తిరుగుబాటు పుట్టును. ఈ సాధనములు ముఖ్యముగా విలాసవస్తువులవలన లభించును. ఒక్కొక్క జాతి వస్తువు నాలుగు పట్టణములకు ఒక్కొక్క సుఖము నిచ్చును. ఒకే వస్తువు రెండుచోట్ల దొరికినను సుఖము రెట్టింపు గాదు. కనుక రెండవదానిని పొఱుగు రాజ్యమునకు ఇచ్చి, మనకు లేనిదానిని తెచ్చుకొనవలెను. వర్తకముయొక్క మూలసూత్రమంతయు ఇంతే.

ఆటలోని సంపదలు మూడు తరగతులు. కొన్ని ఆహారమునో పనినో పెంచునవి. కొన్ని సుఖమునిచ్చు విలాసవస్తువులు. కొన్ని యుద్ధమునకును యంత్రములకును పనికివచ్చునవి. ఈ మూడు తరగతులకును మన సీమలోనే ఉదాహరణములు దొరకుట చూచి మేము సంతోషించితిమి. పులివెందుల అరటి మొదటి తరగతిలోనిది. మన తోటల చీనీపండ్ల జాతియు, ప్రొద్దుటూరి ప్రత్తియు రెండవదానిలోనివి. వేముల మండలములోని తుమ్మలపల్లెయొద్ద త్రవ్వుచున్న యురేనియము మూడవదానిలోనిది. పిల్లలు తెఱమీద అరటిగెల బొమ్మను చూచినప్పుడు తమ తండ్రి తోటను తలంచుకొందురుగాక.

అయిదవ ప్రశ్న: ఏ కట్టడమును ముందుగా కట్టవలెను?

ఈ యాటలో కట్టడములన్నియు నడిగడిలోనే ఇమడవు. విద్యాపీఠమునకు, వర్తకవీథికి, దేవస్థానమునకు, కర్మాగారములకు వేఱువేఱు గడులు కావలెను. ఇవి పేటలు. జనసంఖ్య ఒకటి యున్నప్పుడు ఒక పేటను, నాలుగైనప్పుడు రెండవదానిని, ఏడైనప్పుడు మూడవదానిని, పదియైనప్పుడు నాలుగవదానిని కట్టవచ్చును. కాలువకు ఈ పరిమితి లేదు. విద్యాపీఠము పర్వతముల ప్రక్కను, వర్తకవీథి ఏటియొడ్డునను ఎక్కువ ఫలమిచ్చును.

పేటను ఒకసారి కట్టిన పిదప కదలింప వీలులేదు. ఆ గడిలో ముందున్న పొలముగాని గనిగాని పోవును. కావున పట్టణమును స్థాపించిననాడే, ఏబది వంతుల తరువాత ఏ పేట ఎక్కడ రావలెనో పటముమీద గుఱుతు పెట్టుకొనవలెను. మంచి పంటపొలమును తొందరపడి వర్తకవీథికి ఇచ్చివేసినవారు తరువాత ధాన్యమునకు వెదకుకొందురు.

ప్రారంభకులకు మేము చెప్పు క్రమమిది. మొదట చుట్టుప్రక్కల దేశమును చూచివచ్చు వేగులవాడు. పిమ్మట ఒక పనివారి జట్టు. వారు మూడు గడులను బాగుచేసి వెడలిపోవుదురు. తరువాత వలసజట్టు, ధాన్యాగారము, ఒక పేట. జగద్విఖ్యాతమైన అద్భుతకట్టడములను ఆదిలోనే మొదలుపెట్టవలదు. ఒక్కొక్క అద్భుతమును లోకములో ఒక్కరే కట్టగలరు. పొఱుగురాజు మనకంటె ముందుగా ముగించినచో మన కట్టడము అక్కడనే ఆగిపోవును. ఆ కాలమున రావలసిన గాదెయు, బడియు రాకపోవును. అడవిని నఱికిన ఒక్కమాఱు మిక్కిలి పనిబలము చేతికందును. కాని ఆ గడి తరువాతి వంతులన్నిటిలోను ఇయ్యవలసిన పని మఱల రాదు. అక్కఱ తీవ్రముగా నున్నప్పుడు మాత్రమే గొడ్డలి నెత్తవలెను.

ఆఱవ ప్రశ్న: ఒక్క పెద్దపట్టణము మేలా, పెక్కు చిన్నపట్టణములు మేలా?

మొదటి నూఱు వంతులలో రెండవ మార్గమే మేలు. అయితే వలసజట్టును పంపినప్పుడెల్ల మూలపట్టణములో ఒక పౌరుడు తగ్గును. ప్రతి జట్టునకును పని వెల పెరుగుచుండును. రెండు పట్టణముల నడుమ కనీసము మూడు గడులు ఉండవలెనని నియమము. మూడు గడుల దూరమువఱకే పౌరులు పనికి పోగలరు కనుక, అయిదాఱు గడుల యెడము సామాన్యముగా చాలును. మిక్కిలి దూరమున స్థాపించిన పట్టణములో మన ప్రజల ప్రభావము తగ్గి, పొఱుగువారి ప్రభావము పెరిగి, అది కొంతకాలమునకు మననుండి విడిపోవుటయు గలదు. 2018 నాటి అనుబంధములో ఈ నియమము చేరినది.

క్రొత్త పట్టణము త్వరగా ఎదుగవలెనన్న దానిని ఒంటరిగా విడువరాదు. అచ్చటినుండి మన పెద్దపట్టణమునకు వర్తకులను నడిపినచో, ఆహారమును పనియు ఆ చిన్నపట్టణమునకు చేరును. వర్తకులు నడచినచోటనెల్ల బాట యేర్పడును. మార్గములకు ఇట్టి శక్తి గలదని మన కర్నూలు–కడప కాలువ చరిత్రయు చెప్పుచున్నది. మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863లో దానిని ఆరంభించి 1870 నాటికి ముగించిరి. సుంకేశులయొద్ద తుంగభద్రనుండి బయలుదేరు ఆ కాలువ పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినది. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. కాని ఆ నీరు ప్రొద్దుటూరు, మైదుకూరు ప్రాంతముల పొలములకు అన్నము పెట్టుచున్నది. కట్టినవారి లెక్కలో నష్టమైనది ఊరి లెక్కలో లాభమగుట గలదు. ఆటలోను బంగారపు అంకె యొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు.

ఏడవ ప్రశ్న: ఏటియొడ్డున కట్టితిమి, వరద వచ్చి పొలములు పాడైనవి. ఇప్పుడేమి?

2019 నాటి అనుబంధములో వరదలు, అనావృష్టి ప్రవేశపెట్టబడినవి. వరద వచ్చినపుడు పొలములు, కట్టడములు దెబ్బతినును; కాని వండలి చేరుటవలన కొన్ని గడులు పూర్వముకంటె ఎక్కువ పండును. కావున వరదకు భయపడి ఏటిని విడువ నక్కఱలేదు. లోతట్టుగడులలో పొలములను మాత్రముంచి, విలువగల పేటలను మెట్టకు చేర్చవలెను. తగిన విద్య లభించినతోడనే ఆనకట్టను కట్టవలెను. దానివలన వరదనష్టము తప్పును. కాలువగల పట్టణమునకు అనావృష్టివలన ఆహారనష్టము కలుగదు.

ఆనకట్ట కట్టినంతమాత్రమున పని తీఱదని మాత్రము మన పిల్లలు మఱవరాదు. 2021 నవంబరులో, నాటి కడపజిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ గ్రామములు మునిగి, ప్రాణనష్టము గలిగినది. పోరుమామిళ్ల శాసనము చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను చెప్పి ఊరకుండలేదు. ఉండరాని ఆఱు దోషములను గూడ చెప్పినది. ఆఱువందల యేండ్లక్రిందటి ఆ పెద్దలు దోషములను లెక్కించుట కట్టుబడిలో ఒక భాగమేయని యెఱిగియుండిరి.

ఇన్ని ప్రశ్నలకును మూలమైన ఒక్క సూత్రమును ఇప్పుడు చెప్పుదము. పట్టణము తనకు సమృద్ధిగా నున్నదానినిబట్టి పెరుగదు. కొఱతగా నున్నదానినిబట్టి ఆగును. ఆహారము, వసతి, సుఖము, పని — ఈ నాలుగింటిలో ఏది తక్కువో అదియే ఆ పట్టణమునకు ఎల్ల. చెఱువుకట్ట ఎంత యెత్తున నున్నను తగ్గుగా నున్నచోటనుండియే నీరు పొరలును గదా. కావున ప్రతి పది వంతులకు ఒకమాఱు ఆగి, "ఇప్పుడు దేనికి కొఱత? రాబోవు పది వంతులలో దేనికి కొఱత రాగలదు?" అని అడుగుకొనుడు. రెండవ ప్రశ్నను అడుగువాడే మంచి ఆటగాడు. వసతి నిండిన పిదప కాలువను మొదలుపెట్టువాడు ఇరువది వంతులు పోగొట్టుకొనును. నిండకమునుపు మొదలుపెట్టువాడు ఒక్క వంతైనను పోగొట్టుకొనడు.

అయితే ఈ యాటకు ఒక లోపము గలదు. పెద్దలు దానిని పిల్లలకు చెప్పవలెను. తెఱమీద ఆహారము చాలనిచో ఒక పౌరుడు తగ్గును, అనగా అంకె యొకటి మాఱును. ఆటగాడు మఱియొక గడిని బాగుచేసి ముందుకు సాగును. 1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిలో ప్రబలిన మహాక్షామమున మన దత్తమండలములు ఘోరముగా దెబ్బతినినవి. అప్పుడు తగ్గినవి అంకెలు గావు. తల్లులు, బిడ్డలు, పొలము దున్ను ఎద్దులు. తెఱమీది పట్టణములో పేదవాడెవడో తెలియదు. ఏ వీథికి నీరు వచ్చుచున్నదో, ఏ వీథికి రాలేదో కనబడదు. నిజమైన పట్టణములో మొదట తెలిసికొనవలసినది అదియే. ఆట లెక్కను నేర్పును. కనికరమును మనము ఇంటిలోను బడిలోను నేర్పవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. చేతివేగము కోరని ఆట గనుక దీనిని ఎక్కడ కావలెనన్న అక్కడ నిలిపి, భద్రపఱచి, మఱునాడు అదేచోటనుండి సాగింపవచ్చును. అయినను "ఇంకొక్క వంతు, ఇంకొక్క వంతు" అనుచు అర్ధరాత్రివఱకు కూర్చుండుట ఈ యాటకు లోకమంతట ప్రసిద్ధమైన జాడ్యము. ఆడునట్టి వంతుల సంఖ్యను ముందుగనే నిర్ణయించి, కాగితముమీద వ్రాయించి, అంతటితో నిలుపవలెను. ఇరువది వంతులు ఆడి, ఏ కొఱత కనబడినదో రెండు వాక్యములలో వ్రాసినవాడు, నూఱు వంతులు ఊరక ఆడినవానికంటె ఎక్కువ నేర్చుకొనును.

విద్యార్థులకు ఒక అభ్యాసము నిచ్చి ముగించుచున్నాము. సెలవులలో మీ మీ గ్రామములకు పోయినపుడు ఒక కాగితముమీద మీ యూరి పటమును గీయుడు. చెఱువెక్కడ, బోరుబావులెక్కడ, మెట్టపొలమెంత, తోటలెంత, బడి, ఆసుపత్రి, సంత ఎంతదూరమున నున్నవి, వానకాలమున ఏ వంక పొంగును, ఎండకాలమున ఏ వీథివారు నీటికొఱకు నడతురు — వీనినన్నిటిని గుఱుతు పెట్టుడు. పెద్దలను అడిగి, మీ యూరు పెరిగిన సంవత్సరములేవో, ఆగిన సంవత్సరములేవో, ఏల ఆగినదో తెలిసికొనుడు. అటుపిమ్మట మీ యూరికి ఇప్పుడు దేనికి కొఱతయో, పదియేండ్లకు దేనికి కొఱత రాగలదో వ్రాసి తెండు. బడి తెఱచిన వారమున ఆ పటములను తరగతిగోడకు అంటించి, ఒకటొకటిగా చదివి చర్చింతము.